పేగు కణాలు: క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చినవా, మూలకణాల నుంచి పెంచినవా?

పేగులో సూక్ష్మజీవులు ఏమి చేస్తాయో చూడడానికి పరిశోధకులు దశాబ్దాలుగా వాడుతున్నవి కాకో-2 కణాలు. పెద్దపేగు క్యాన్సర్ నుంచి తీసినవి. చవక, మొండివి; సుమారు 21 రోజుల్లో చక్కటి పొరగా పరుచుకుంటాయి. మందు పేగు గోడ దాటుతుందా అని చూడడానికి అవి చాలు. కానీ దాదాపు అన్నీ ఒకే రకం కణాలు. జిగురును స్రవించే గోబ్లెట్ కణాలు వాటిలో ఉండవు. బ్యాక్టీరియాకు ముందుగా ఎదురయ్యేది ఆ జిగురే కదా!

అందుకే సూక్ష్మజీవుల ప్రశ్నలకు నేను ఆర్గనాయిడ్ల వైపే మొగ్గుతాను. మనిషి పేగు నుంచి తీసిన చిన్న ముక్కలోని మూలకణాలను (వేరే రకాల కణాలుగా మారగలిగేవి) జెల్‌లో పెంచితే బోలు బుడగలు తయారవుతాయి; ఇవే ఆర్గనాయిడ్లు. వాటిలో గోబ్లెట్ కణాలు, పోషకాలు పీల్చే కణాలు, హార్మోన్లు విడుదల చేసేవి పక్కపక్కనే ఉంటాయి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ సంగతే చూడండి: దశాబ్దాలపాటు ప్రయోగశాలలో లొంగని ఈ మానవ వైరస్‌ను 2016లో ఇలాంటి కణజాలంలోనే పెంచగలిగారు. కొన్ని రకాలకు పైత్యరసం కూడా కలపాల్సి వచ్చింది.

ఖర్చు, శ్రమ మాత్రం ఎక్కువ. ఆహారం తాకే తలం బుడగ లోపల ఉంటుంది. సన్నని గాజు సూదితో బ్యాక్టీరియాను లోపలికి ఎక్కించాలి, లేదా బుడగను విడదీసి పొరగా పరచాలి. ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయే బ్యాక్టీరియాతో మాత్రం రెండు పద్ధతులకూ తిప్పలే.