ఈబర్డ్ యాప్: బయాలజీ టీచరుకు ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పాలి, పిట్టను చూపిస్తే పేరు చెప్పే యాప్ కాదిది. ఆ పనికి మెర్లిన్ ఉంది. ఈబర్డ్ చూసినవి రాసిపెట్టే పద్దు పుస్తకం. అమెరికాలోని పక్షుల సంస్థలు కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ సొసైటీ 2002లో మొదలుపెట్టాయి. పైసా కట్టనక్కర్లేదు.

ప్రాంతం ప్యాక్ (అంటే ఆ ప్రాంతపు పిట్టల జాబితా) వైఫై ఉన్నచోటే దించుకుంటే ఊరి చెరువు దగ్గర సిగ్నల్ లేకపోయినా లిస్టు రాయొచ్చు. స్కూలు ఆవరణలో ఒకేచోట 15 నిమిషాలు నిలబడితే ఒక పీరియడ్‌కి సరిపడా పని దొరుకుతుంది. 30 మీటర్ల లోపు కదిలితే అది స్టేషనరీ (నిలబడి చూసిన) లిస్టు, దాటితే ట్రావెలింగ్ (నడుస్తూ చూసిన) లిస్టు.

అసలు సరుకంతా చివర్లో అడిగే ప్రశ్నలో ఉంది: గుర్తుపట్టగలిగిన పిట్టలన్నీ రాశారా? 'అవును' అంటే లిస్టులో లేని పిట్ట ఆ కాసేపట్లో మీకు తగల్లేదని అర్థం. అలా 'అవును' అన్న 20 పూర్తి లిస్టుల్లో 7 సార్లు పాలపిట్ట ఉంటే, అది 35 శాతం లిస్టుల్లో కనిపించినట్టు. 'కాదు' అన్న లిస్టులతో ఈ లెక్క కుదరదు. 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక ఈబర్డ్ లిస్టుల మీదే నిలబడింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట బాగా తగ్గిపోతోందని, దాని స్థితిని మళ్లీ అంచనా వేయాలని అందులోనే చెప్పారు. శాంపిలింగ్ పాఠానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

తేడా కొట్టేదీ ఆ 'అవును' దగ్గరే. పిల్లలు కాకుల్ని, గోరింకల్ని 'ఇవీ పిట్టలేనా' అని వదిలేసి 'అవును' నొక్కుతారు. ఆ ఊళ్లో ఆ రోజు కాకి లేదని డేటాలో పడిపోతుంది! సంఖ్య తెలియకపోతే ఎక్స్ పెట్టే వీలుంది గానీ, ఉజ్జాయింపుగా 40 అని రాయడమే మేలు. తేల్చుకోలేని బుల్లిపిట్టకు ఏదో ఒక పేరు అంటించకుండా 'వార్బ్లర్ ఎస్పీ' (వార్బ్లరే గానీ ఏ జాతో తెలియదు అని) ఎంచుకోవాలి.

క్లాసంతా కలిసి నడిచి ఎవరి లిస్టు వాళ్లు విడిగా పంపితే, ఒకే గుంపు కొంగలు ముప్ఫైసార్లు లెక్కలోకి వస్తాయి. ఒక్కరే రాసి, మిగతావాళ్లకి షేర్ చేయాలి. చిన్నపిల్లలైతే టీచరు అకౌంటు చాలు. లొకేషన్‌కి ఏ విద్యార్థి ఇంటి పేరూ పెట్టొద్దు, లిస్టులు అందరికీ కనిపిస్తాయి.

కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ సౌండ్ ఐడీ చూపిన పేర్లని కళ్లు మూసుకుని ఇందులో ఎక్కించొద్దు. పసులపోలిగాడు షిక్రా డేగలా అరుస్తాడు, మెర్లిన్ డేగ పేరు చూపొచ్చు. పిట్ట కంటపడాలి, లేదా ఆ కూత మీకు ముందే బాగా తెలిసుండాలి. అరుదైనదో, సంఖ్య మరీ ఎక్కువో అయితే లిస్టులు సరిచూసే స్థానిక రివ్యూయర్ వివరం అడుగుతారు. అది తప్పుపట్టడం కాదు. ఫోటో గానీ, రెక్కల రంగు, తోక తీరు రెండు ముక్కల్లో గానీ ఇస్తే సరి.

చిరాకు పెట్టేది నడిచిన దారిని నమోదు చేసే ట్రాక్ రికార్డింగ్. జీపీఎస్ నడిచినంతసేపూ బ్యాటరీ తాగేస్తుంది. పైగా ఆపకుండా బస్సెక్కితే చెరువుగట్టు నడకకి బస్సు దూరం కూడా కలిసిపోతుంది. అలా జరిగితే సబ్‌మిట్ చేసేముందు దూరం చేత్తో దిద్దుకోవచ్చు.