రాష్ట్ర జైలా, కౌంటీ జైలా: చిన్న నేరాలకు ఏది మేలు?

కాలిఫోర్నియాలోని మనవాళ్లు షెరీఫ్ ఎన్నికలు వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది. చిన్న నేరాల శిక్షల్ని రాష్ట్ర జైళ్ల నుంచి కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) మార్చిన ఏబీ 109 అనే చట్టం వల్ల మేలు జరిగిందా, దొంగల్ని వీధిలోకి వదిలేశారా అని. ముందుగా ఒక అపోహ తీసేద్దాం. 2011 అక్టోబరు 1న ఆ చట్టం అమల్లోకి వచ్చినప్పుడు రాష్ట్ర జైల్లో ఉన్న ఒక్క ఖైదీని కూడా కౌంటీ జైలుకు మార్చలేదు. హింస, తీవ్ర నేరం, లైంగిక నేరం అనే మూడు జాబితాల్లోనూ లేని కేసుల్లో కొత్తగా పడే శిక్షలే కౌంటీకి వెళ్లాయి.

పాత పద్ధతి అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుండేది. శిక్ష వేసేది కౌంటీలోని కోర్టు, కేసు పెట్టేది కౌంటీ ప్రాసిక్యూటర్, ఖర్చు మాత్రం రాష్ట్రానిది. మన దగ్గర జిల్లా జైలు కూడా రాష్ట్ర జైళ్ల శాఖదే కాబట్టి ఈ తేడా వెంటనే తట్టదు. అక్కడ కౌంటీ జైలు నడిపేది ఎన్నికల్లో గెలిచిన షెరీఫ్. చివరికి సుమారు 80 వేల మందికి కట్టిన రాష్ట్ర జైళ్లలో లక్షన్నర మందికి పైగా చేరారు. జిమ్నాజియంలలో కూడా మంచాలు వేశారు. 2011 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఈ సంఖ్యను సామర్థ్యంలో 137.5 శాతానికి దించాల్సిందేనంది.

అలాగని కౌంటీ జైలు గొప్పదేం కాదు. అది విచారణ ఖైదీల కోసం, ఏడాది లోపు శిక్షల కోసం కట్టింది. ఆరుబయట తిరగడానికి చోటు తక్కువ, చదువు, పని శిక్షణ అంతంతమాత్రం. అయిదేళ్లకు పైబడిన శిక్షలు కూడా అక్కడే గడపాల్సి రావడంతో, రాష్ట్రం మీద పడ్డ వైద్యం కేసుల్లాంటివే కౌంటీల మీదా పడ్డాయి. గోడల సంగతే చూస్తే రాష్ట్ర జైలే నయం.

నా దృష్టిలో అసలు తేల్చేది గోడలు కాదు, స్ప్లిట్ సెంటెన్స్, అంటే శిక్షలో కొంత జైల్లో, మిగతాది బయట పర్యవేక్షణలో గడపడం. మాదకద్రవ్యాలు అమ్మడానికి దగ్గర పెట్టుకున్న కేసులో మూడేళ్లు పడ్డాయనుకోండి. స్ట్రెయిట్ సెంటెన్స్ (విడగొట్టకుండా మొత్తం జైలు శిక్షే) అయితే, సత్ప్రవర్తన తగ్గింపు పోను ఏడాదిన్నరకు గేటు తెరుస్తారు. ఆ తర్వాత బయట కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ ఆఫీసర్ ఉండడు, మత్తు పరీక్షలుండవు, చికిత్సకు వెళ్లాలన్న షరతూ ఉండదు. అదే మూడేళ్లను ఏడాది జైలు, రెండేళ్లు పర్యవేక్షణగా విడగొడితే బయటికొచ్చాక కూడా పట్టు ఉంటుంది. షరతు తప్పితే మిగిలిన కాలానికి జడ్జి మళ్లీ లోపలికి పంపగలడు.

చిక్కేమిటంటే ముద్దాయికి స్ట్రెయిటే ఇష్టం. సగం కాలం గడిపేస్తే ఎవరి బెడదా ఉండదు. నేరం ఒప్పుకునే బేరంలో లాయరు అదే అడుగుతాడు, ప్రాసిక్యూటరు సరేనంటాడు. మొదటి ఏళ్లలో కాంట్రా కోస్టా కౌంటీలో ఎక్కువ కేసుల్లో శిక్ష విడగొట్టారు. లాస్ ఏంజెలెస్‌లో నూటికి పది కూడా లేవు. ఒకే చట్టం కింద రెండు వేర్వేరు వ్యవస్థలు నడిచాయన్నమాట. 2015 జనవరి నుంచి స్ప్లిట్‌నే మామూలు పద్ధతి చేశారు, వద్దంటే జడ్జి కారణం చెప్పాలి. మొదటి రోజే పెట్టాల్సిన నిబంధన అది.

నేరాల మాటకొస్తే, పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులకు హింసాత్మక నేరాలు దీనివల్ల పెరిగిన ఆధారం దొరకలేదు. కార్ల దొంగతనాలు మాత్రం పెరిగాయి. ఇది ఒప్పుకోవాల్సిన నష్టమే.

ఖైదీలను అరిజోనా, మిసిసిపీ ప్రైవేటు జైళ్లకు పంపడం ఇంకో దారిగా ఉండేది, 2019లో అది ఆగిపోయింది. కుటుంబం చూడ్డానికి వెళ్లలేనంత దూరం, దాని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. కొత్త జైళ్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది, కోర్టు అంత గడువివ్వలేదు.

కాబట్టి స్ప్లిట్‌తో కలిపితే నా ఓటు కౌంటీకే, లేకపోతే కాదు. మీ కౌంటీ ఏ కోవదో తెలియాలంటే కమ్యూనిటీ కరెక్షన్స్ పార్ట్‌నర్‌షిప్ అనే కౌంటీ కమిటీ ప్రణాళిక చూడండి. ఆ కమిటీకి అధ్యక్షత వహించేది ప్రొబేషన్ చీఫ్. షెరీఫ్, ప్రాసిక్యూటర్, పబ్లిక్ డిఫెండర్ (ముద్దాయి తరఫు ప్రభుత్వ లాయరు) సభ్యులు. ఆ ప్రణాళిక డబ్బులో ఎంత జైలు పడకలకు, ఎంత ప్రొబేషన్‌కు, చికిత్సకు వెళ్తోందో, నూటికి ఎన్ని శిక్షలు విడగొడుతున్నారో చూస్తే చాలు.