మిడి కేబుల్ కొనేముందు జాగ్రత్త: నా 32 సౌండ్లు పోయాయి

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు కీబోర్డ్ వాయించే అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరికే పేరులేని యూఎస్‌బీ మిడి కేబుల్‌ను (కీబోర్డ్‌ను కంప్యూటర్‌కు కలిపేది) నమ్మి మీ సౌండ్లు బ్యాకప్ తీసుకోకండి. నేను తీసుకున్నాను. ఎనిమిదేళ్ల పని పోయింది.

నాది పాత యమహా డీఎక్స్7, 1983లో వచ్చిన మోడల్. లోపల 32 సౌండ్లు పడతాయి. తలంబ్రాల వేళ వాయించే సన్నాయి, చెరువుగట్టు జాతరకు భజన వాళ్ల కోసం చేసిన హార్మోనియం, అన్నీ రాత్రులు కూర్చొని నేనే చేసుకున్నవి. కరెంటు తీశాక వాటిని కాపాడేది లోపలున్న చిన్న బ్యాటరీ. అది బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది. మార్చడానికి తీస్తే మెమరీ ఖాళీ. అందుకే ముందు బ్యాకప్ తీయాలనుకున్నాను.

కేబుల్ రాగానే కీలు నొక్కి చూశాను. కంప్యూటర్‌లో నోట్లు చక్కగా పడ్డాయి. నేను మోసపోయింది అక్కడే. ఒక నోటంటే మూడు బైట్లే. 32 సౌండ్లు కలిపి సిస్‌ఎక్స్‌గా, అంటే ఒకే పొడుగు మిడి మెసేజ్‌గా పంపితే 4,104 బైట్లు, సెకనుకు 3,125 చొప్పున ఆగకుండా వస్తాయి. చవక కేబుళ్లలో చాలావాటికి అంత పొడుగు మెసేజ్ పట్టదు, మధ్యలో బైట్లు జారిపోతాయి. నాకు ఎర్రర్ ఏమీ రాలేదు. ఫైలు సేవ్ అయింది, ధైర్యంగా బ్యాటరీ మార్పించాను.

తిరిగి ఎక్కిస్తే కీబోర్డ్ తీసుకోలేదు. మూడు రోజుల్లో పెళ్లి ప్రోగ్రాం, ఒకటే టెన్షన్. మెమరీ ప్రొటెక్ట్ (సౌండ్లు చెరిగిపోకుండా వేసే తాళం) తీశానా, సిస్టమ్ ఇన్ఫో (సిస్‌ఎక్స్ రాకపోకల సెట్టింగ్) అవైలబుల్‌లో పెట్టానా అని పదిసార్లు చూసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఫైలు సైజు చూస్తే 3,912 బైట్లు! అమ్మినవాళ్లను అడిగితే, "నోట్లు వస్తున్నాయి కదా సార్, కేబుల్ బాగానే ఉంది" అన్నారు. వాపస్ గడువు కూడా దాటిందట. ఆ డబ్బు పోతే పోయింది, సన్నాయి పోయినందుకే ఇప్పటికీ బాధ.

మీరు కొనేటప్పుడు నోట్లు వస్తాయా అని కాదు, పొడుగు సిస్‌ఎక్స్ పూర్తిగా వస్తుందా అని అడగండి. ఆ కేబుల్‌తో డంప్ (సౌండ్లన్నీ ఒకేసారి కంప్యూటర్‌కు పంపడం) తీసినవాళ్లు ఎవరైనా చెబితేనే తీసుకోండి. డంప్ రెండుసార్లు తీసి రెండు ఫైళ్లనూ పోల్చండి. డీఎక్స్7కైతే సైజు సరిగ్గా 4,104 ఉండాలి, మొదటి బైటు ఎఫ్0, చివరిది ఎఫ్7 (మెసేజ్ మొదలు, ముగింపు గుర్తులు). వేరే మోడల్‌కు సైజు వేరుగా ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోండి. డంప్ నడిచేటప్పుడు కీలు, వీల్ ముట్టుకోవద్దు.

సైజు సరిపోయినా అక్కడితో వదలకండి. డెక్స్‌డ్ అని డీఎక్స్7 సౌండ్లు పలికే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలును అందులో తెరిచి 32 సౌండ్లూ వాయించి వినండి. అసలు కీబోర్డ్‌ను ముట్టుకోకుండానే బ్యాకప్ మంచిదో కాదో తెలిసిపోతుంది. ఈ సంగతి నాకు బ్యాటరీ మార్చాక తెలిసింది.

ఇప్పుడు ఆ కేబుల్ బదులు మంచి మిడి ఇంటర్‌ఫేస్ కొన్నాను, రెండుసార్లు తీసినా 4,104 వచ్చింది. సన్నాయి మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను, పాత గొంతు ఇంకా రాలేదు. మీలో ఎవరైనా బ్యాటరీ మార్పించాలనుకుంటే జర ఆగండి, కీబోర్డ్ విప్పకముందే ఇక్కడ చెప్పండి. దేవరకొండ అయినా సరే, ఇంటర్‌ఫేస్ పట్టుకొని నేనే వస్తాను.