రాస్‌బెర్రీ పై 5 కొనాలా, ఎన్100 మినీ పీసీకి మారాలా?

జెల్లీఫిన్ (మన సినిమాలను టీవీకి, ఫోన్‌కి అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్) నడిపే మా పాత రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ ఇక లాగలేకపోతోంది. పై 5 వేగంగానే ఉంటుంది, కానీ పై 4లో ఉన్న హెచ్.264 ఎన్‌కోడర్‌ను (వీడియోను ఆ ఫార్మాట్‌లోకి మార్చే హార్డ్‌వేర్) అందులో తీసేశారు. సినిమాను ఫోన్‌కి తగ్గట్టు మార్చాల్సి వస్తే భారమంతా సీపీయూ మీదే. టీవీ ఫైల్‌ను నేరుగా ప్లే చేస్తుంటే మాత్రం పై 5 చాలు.

ఇంటెల్ ఎన్100 చిప్‌లో క్విక్ సింక్ అనే వీడియో మార్పిడి సదుపాయం ఉంది. ఆ మార్పిడి పని గ్రాఫిక్స్ భాగమే చూసుకుంటుంది. చిప్ టీడీపీ (వేడి, కరెంటు వాడకానికి అంచనా) 6 వాట్లే, కరెంటు బిల్లు టెన్షన్ పెద్దగా ఉండదు. నా ఓటు దీనికే.

చిక్కల్లా మారేటప్పుడే. రాస్‌బెర్రీ పైలో ఉండేది ఏఆర్ఎం రకం ప్రాసెసర్, ఎన్100 ఎక్స్86 రకం. పాత మెమరీ కార్డు తెచ్చి పెడితే బూట్ కాదు. లైనక్స్ కొత్తగా ఎక్కించి, పాత సర్వర్ ఆపాక జెల్లీఫిన్ కాన్ఫిగ్ (సెట్టింగులు), డేటా ఫోల్డర్లు కాపీ చేయాలి. సినిమాల ఫోల్డర్ పాత్ (అది ఉన్న చోటు) మాత్రం మార్చకండి, మారిస్తే లైబ్రరీ అంతా మళ్లీ స్కాన్ చేసుకోవాల్సి వస్తుంది.