పిల్లల్ని చూసుకునే మనిషిని ఎంచుకునే పద్ధతి: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మా పెద్దది పాలు తాగే వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు అది బడికి వెళ్తోంది, చిన్నవాడు ఇల్లంతా పరుగులు పెడుతున్నాడు. ఇన్నేళ్లలో పిల్లల్ని చూసుకోడానికి ఇంట్లో మనిషి కావాల్సి వచ్చిన ప్రతిసారీ ఇదే వరుసలో వెళ్లాం. ముందు ఫోన్లో మాట్లాడటం, నచ్చితే ఇంటికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడటం, అంతకుముందు పనిచేసిన ఇళ్లవాళ్లకి ఫోన్ చేయడం, కాగితాలు చూడటం, చివరగా మేం ఇంట్లో ఉండగానే డబ్బులిచ్చి ఒకట్రెండు రోజులు పని చేయించి చూడటం. ఏ మెట్టు దగ్గర ఎంత తెలుస్తుంది, ఏది ఊరికే టైము తినేస్తుంది అన్నది ఇప్పుడు గట్టిగానే చెప్పగలను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంటర్వ్యూలో తెలుస్తుందని మనం అనుకునేదాంట్లో సగం కూడా తెలియదు. పాత ఇంటివాళ్ల ఫోను, ఆ ట్రయల్ రోజు, ఈ రెండే నిజంగా మనిషిని చూపిస్తాయి. మిగతావి వద్దనడం లేదు, వాటి మీద మరీ ఆశ పెట్టుకోవద్దంటున్నాను.

ఫోన్ కాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పని వేళలు, పిల్ల వయసు, వంటా ఇంటిపనీ ఏమైనా ఉంటాయా, సెలవులెన్ని, ఇంట్లో కెమెరా ఉందా లేదా, ఇవన్నీ మనమే ముందు చెప్పేయాలి. కుదరనివాళ్లు అక్కడే ఆగిపోతారు, ఇద్దరికీ మంచిది. జీతమెంతని మొదటి మాటగా అడిగిందని ఎవర్నీ పక్కన పెట్టకండి. అది ఆవిడ బతుకుతెరువు, అడగడం ఆవిడ హక్కు. మాకు బాగా కుదిరినవాళ్లలో ఒకావిడ ముందు అడిగింది జీతం సంగతే.

ఇక ఎదురుగా కూర్చుని మాట్లాడటం. ఇక్కడ ప్రశ్న అడిగే తీరులోనే ఉందంతా. "పాప ఏడుపు ఆపకపోతే ఏం చేస్తారు?" అని అడిగితే వంద మందిలో వంద మందీ "ఎత్తుకుని ఆడిస్తానమ్మా" అనే అంటారు. దాంతో ఏమీ తెలియదు. అదే, "ఇదివరకు మీరు చూసిన పిల్లల్లో మిమ్మల్ని బాగా ఏడిపించినవాళ్లెవరు? అలాంటి ఒక రోజు గుర్తు తెచ్చుకుని చెప్పండి" అని అడిగి చూడండి. జరిగింది చెప్పాల్సి వచ్చేసరికి మాట తీరే మారిపోతుంది. నిజంగా పిల్లల్ని పెంచినవాళ్లకి ఆ పిల్లాడి పేరు, వాడు ఏ టైముకి ఏడ్చేవాడో, చివరికి దేంతో ఊరుకున్నాడో అన్నీ గుర్తుంటాయి. లేనివాళ్లు మళ్లీ "పిల్లలంటే నాకు ప్రాణం" దగ్గరికే వచ్చి ఆగుతారు.

ఈ ప్రశ్నకి నేను విన్న జవాబుల్లో ఒకటి ఇప్పటికీ మర్చిపోలేదు. నెలల పిల్లాడు సాయంత్రమైతే చాలు, గుక్క పట్టి ఏడ్చేవాడట. "ఒకరోజు నాకే కోపం వచ్చేసింది మేడం. వాణ్ని తన మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాను. కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ లోపలికెళ్లి ఎత్తుకున్నా. వాళ్లమ్మ రాగానే చెప్పా కూడా" అంది. డాక్టర్లు చెప్పేది సరిగ్గా ఇదే. పుట్టిన రెండో నెలకల్లా పిల్లల ఏడుపు బాగా పెరుగుతుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆ రోజుల్లోనే విసుగుతో పిల్లని పట్టుకుని కుదిపేసే ప్రమాదం ఎక్కువ. అలా కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణానికే ముప్పు రావచ్చు, బతికినా చూపు పోవచ్చు. కాబట్టి చేయి దాటేలా ఉందనిపిస్తే భద్రమైన చోట పడుకోబెట్టి రెండు నిమిషాలు పక్కకి వెళ్లమంటారు. "నాకసలు కోపమే రాదు" అనే మనిషి కన్నా, వచ్చింది, ఇలా చేశాను అని చెప్పగలిగిన మనిషి మీదే నాకు నమ్మకం కుదిరింది. ఆవిడ మా ఇంట్లో చాలాకాలం చేసింది కూడా.

అందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడిగి, జవాబులు అప్పటికప్పుడు రాసుకోవడం రెండో అలవాటు. లేకపోతే కలుపుగోలుగా మాట్లాడినవాళ్లే మనసులో మిగులుతారు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉద్యోగులని ఎంచుకునే పద్ధతుల మీద 85 ఏళ్ల పరిశోధనల్ని కలిపి పరిశీలించారు. నోటికొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూ కన్నా ముందే ప్రశ్నలు కట్టుకుని చేసే ఇంటర్వ్యూ, అసలు పనినే చేయించి చూడటం మెరుగని అందులో తేలింది. పాత యజమానుల మాటకి మాత్రం అందులో తక్కువ మార్కులే పడ్డాయి. అక్కడ నా అనుభవం వేరు. ఆఫీసు ఉద్యోగాల్లో పాత యజమాని ఆచితూచి నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకుంటాడు. కానీ ఒక తల్లి ఇంకో తల్లికి ఫోన్ చేసి పిల్ల గురించి అడిగితే అలా దాటవేయడం చాలా కష్టం.

తెలుసా తెలియదా అని తేల్చే ప్రశ్నలు కొన్నే పెట్టుకున్నాను. పిల్లని ఎలా పడుకోబెడతారు అన్నది మొదటిది. ఏడాది లోపు పిల్లల్ని వెల్లకిలానే, గట్టి పరుపు మీద, దిండూ దుప్పటీ మెత్తటి బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఈ విషయం మీద దేశమంతా ప్రచారం మొదలయ్యాక నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. స్నానం చేయిస్తుంటే తలుపు కొట్టారు, ఏం చేస్తారు అన్నది రెండోది. పిల్లని తువ్వాల్లో చుట్టి ఎత్తుకునే వెళ్లాలి, లేదా అసలు వెళ్లకూడదు, అంతే. మునగడానికి కొద్ది సెంటీమీటర్ల నీళ్లు చాలు. గొంతులో ఏదైనా అడ్డుపడితే అన్నది మూడోది. ఏడాది లోపు పిల్లకైతే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పట్టుకుని వీపు మీద అయిదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మీద అయిదు నొక్కులు, అది బయటికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ. కనపడని దానికోసం నోట్లో వేలు పెట్టి వెతక్కూడదు. తేనె గురించి కూడా అడుగుతాను. ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించకూడదు, బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇవన్నీ తెలిసి వచ్చేవాళ్లు తక్కువ. తెలియకపోవడం నాకు తప్పుగా అనిపించలేదు, ఒక పూట కూర్చోబెట్టి నేర్పిస్తే వచ్చేస్తాయి. నేను చూసేది, చెప్తుంటే ఎలా వింటున్నారన్నది. "అవునా, నాకు తెలీదమ్మా, ఇంకోసారి చూపించండి" అన్నవాళ్లతో ఏ ఇబ్బందీ రాలేదు. "ఇంతమందిని పెంచాను, నాకు చెప్తారా" అన్నవాళ్లు ఎంత అనుభవమున్నా మాకు వద్దనుకున్నాం. మనం లేనప్పుడు ఆవిడ తనకి తోచినట్టే చేస్తుంది, మన మాట ప్రకారం కాదు.

పాత ఇంటివాళ్లకి చేసే ఫోన్ దగ్గర తొందరపడకండి. వాళ్లు రాసిచ్చిన ఉత్తరం చూపిస్తే సరిపోదు, మాట్లాడి తీరాలి. ముందు వాళ్లు నిజంగా పాత ఇంటివాళ్లేనా అన్నది తేల్చుకోవాలి. దానికి నేను చేసేది చిన్న పని. ఆవిడ ఎన్నాళ్లు చేసింది, అప్పుడు పిల్ల వయసెంత అన్నవి నేను చెప్పను, వాళ్లని చెప్పమంటాను. ఆవిడ ఇంటర్వ్యూలో చెప్పినదానితో పోలితే ముందుకి వెళ్తాను. తర్వాత ఎందుకు మానేసింది, చెప్పకుండా మానేసే అలవాటుందా, ఏ విషయంలో రెండోసారి చెప్పాల్సి వచ్చేది, మళ్లీ అవసరమైతే పెట్టుకుంటారా అని అడుగుతాను. ఆఖరి ప్రశ్నకి జవాబు ఎంత త్వరగా వస్తుందో గమనించండి. "కళ్లు మూసుకుని పెట్టుకుంటానండీ" అని వెంటనే వచ్చే జవాబు వేరు, కాసేపు ఆగి వచ్చే "ఆఁ, పెట్టుకోవచ్చండీ" వేరు.

ఒకసారి ఇలాగే మాట్లాడుతుంటే అవతలావిడ అంతా మంచే చెప్పింది. నమ్మకస్తురాలు, శుభ్రం, మాట తీరు బాగుంటుంది అని. చివర్లో "మీ పాప నడుస్తోందా అండీ?" అంది. "ఇంకా లేదండీ, పాకుతోంది" అన్నాను. "అయితే ఫర్వాలేదులెండి." ఆ 'అయితే' దగ్గర ఆగి ఎందుకలా అన్నారని అడిగాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులట. ఎత్తుకుని తిప్పినంత కాలం బంగారంలా చూసుకుందట, పిల్ల పరుగులు మొదలుపెట్టాక వెనకపడలేక కుర్చీలో కూర్చోబెట్టేసేదట. అంటే మాకు కొద్ది నెలలు కుదిరి తర్వాత కుదరదన్నమాట. ఆ మనిషిలో ఏ తప్పూ లేదు, పసిబిడ్డ ఉన్న ఇంటికి ఆవిడే సరి. తెలిసినవాళ్లకి పురిటి పిల్ల ఉంటే ఆవిడ నంబరు వాళ్లకిచ్చాను. ఇలాంటి సంగతి ఏ ఇంటర్వ్యూలోనూ బయటికి రాదు.

కాగితాలు తప్పనిసరి, కానీ వాటి బలం వాటికి ఉన్నంతే. గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా, పోలీసు వెరిఫికేషన్ అన్నీ చూస్తాం. కేసుల దాకా వెళ్లినవి మాత్రమే పోలీసు రికార్డులో ఉంటాయి, ఓపిక ఎంతుందో అందులో రాసి ఉండదు. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉంటే తేదీ చూడండి, మామూలుగా అవి రెండు మూడేళ్లకే చెల్లుతాయి. పసిబిడ్డ ఉన్నప్పుడు కోరింత దగ్గు టీకా గురించి కూడా అడిగాం, నెలల పిల్లలకి ఆ జబ్బు చాలా ప్రమాదం కాబట్టి. ఒక ఏజెన్సీ వాళ్లు "మేం అన్నీ చూసే పంపిస్తామండీ" అన్నారు. ఏమేం చూశారో కాగితం మీద ఇవ్వమంటే చేతికొచ్చింది ఒక గుర్తింపు కార్డు జిరాక్సు. పాత ఇళ్లకి ఎవరూ ఫోన్ చేయలేదు. ఏజెన్సీ ద్వారా వచ్చినా సరే, ఆ ఫోన్లు మీరే చేసుకోండి.

పెళ్లయిందా, పిల్లలెప్పుడు, ఏ మతం అన్న ప్రశ్నలు మేమెప్పుడూ అడగలేదు. పిల్లని ఎలా చూస్తుందన్నది వాటిలో ఏ ఒక్కటీ చెప్పదు, ఎదుటి మనిషిని మాత్రం చిన్నబుచ్చుతుంది.

ఇక ట్రయల్ రోజు. ఇది ఉచితంగా చేయించుకోకండి, పూర్తి రోజు కూలీ ఇవ్వండి. నేను పక్క గదిలో పని చేసుకుంటూ ఉంటాను, అడుగడుగునా వెంటపడను. దాదాపు ఎనిమిదో నెల నుంచి పిల్లలు కొత్త మొహం చూస్తే బెదురుతారు, కాబట్టి మొదటి గంటలో ఏడ్చారని ఆ మనిషి పనికిరాదనుకోకూడదు. ఆ ఏడుపుని ఆవిడ ఎలా తీసుకుంటుందన్నదే చూడాలి. కొందరు వచ్చీరాగానే లాక్కుని ఎత్తుకుంటారు. మా చిన్నవాడి దగ్గరికి వచ్చినావిడ చేతులు కడుక్కుని వచ్చి, వాడికి కాస్త దూరంలో నేల మీద కూర్చుని, గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. వాడివైపు చూడనేలేదు. వాడు నా చీర కుచ్చిళ్లు వదలకుండా కాసేపు చూశాడు, తర్వాత పాక్కుంటూ వెళ్లి పై గిన్నె లాగేశాడు. ఆవిడ ఇంకో గిన్నె అందించింది. ఆ తర్వాత మంచం మీద డైపర్ మారుస్తూ పక్కనున్న గుడ్డ కోసం ఒక చెయ్యి చాపింది. రెండో చెయ్యి మాత్రం వాడి పొట్ట మీద నుంచి తీయలేదు. ఎవరూ చెప్పకుండా చేతికి వచ్చేసిన పని అది. నాకు ఆ చెయ్యి చాలు.

ఇంకోటి కూడా చూస్తాను. చిన్న దెబ్బ తగిలినా తనంతట తాను వచ్చి చెప్తుందా అని. "ఆడుతుంటే ఇక్కడ తగిలింది మేడం, ఎర్రగా అయింది చూడండి" అని అడగకుండానే చూపించే మనిషైతే, రేపు పెద్దదేదైనా జరిగినా దాచదు.

మనం ఇంట్లో ఉంటే ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారన్నది నిజమే. అందుకే రెండో రోజు ఒక గంటసేపు బయటికి వెళ్లి, చెప్పిన టైము కన్నా ముందే వస్తాను. దొంగచాటు కెమెరాలు మాత్రం పెట్టను. కెమెరా ఉంటే ఫోన్లోనే చెప్పేస్తాను, ఎక్కడుందో చూపిస్తాను.

ఈ పద్ధతికి లోపాలున్నాయి. నెమ్మదిగా సాగుతుంది, ఈలోగా మంచి మనిషిని ఇంకొకరు పెట్టేసుకుంటారు. మాకూ అలా చేజారిపోయారు. అప్పట్నుంచి ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే పాత ఇళ్లకి ఫోన్ చేసేస్తున్నాను, రోజులు గడవనివ్వను. రేపటికి మనిషి కావాలంటే ఇది అస్సలు కుదరదు, సెలవు అయిపోయి ఆఫీసుకి వెళ్లాల్సిన రోజుకి కనీసం నెల ముందు మొదలుపెట్టాలి. బెరుకున్నవాళ్లకి ఇంటర్వ్యూలో అన్యాయం జరుగుతుంది. మాకు దొరికిన అందరిలోకీ మంచి మనిషి ఆ రోజు నాలుగు ముక్కలు కూడా సరిగ్గా మాట్లాడలేదు, ట్రయల్ లేకపోతే వదులుకునేవాళ్లం. అందుకే టైము తక్కువైతే ఇంటర్వ్యూ కుదించండి గానీ ట్రయల్ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు బడి అయ్యాక సాయంత్రాలు చూసుకోడానికి మళ్లీ మనిషి కోసం వెతుకుతున్నాం. నిద్ర, తేనె ప్రశ్నలు తీసేసి రోడ్డు దాటించడం, ఫోన్ చూపించడం, హోంవర్క్ దగ్గర మొండికేస్తే ఏం చేశారు అన్నవి పెట్టాను. ట్రయల్ రోజు రాత్రి పెద్దదాన్ని కూడా అడుగుతాను. నచ్చిందా అని మాత్రం అడగను. ఏం చేశారు, ఏం మాట్లాడుకున్నారు, అమ్మకి చెప్పొద్దని ఏదైనా అన్నారా అని అడుగుతాను.