విండోస్ లేని ల్యాప్‌టాప్, హనుమకొండ షాపులో

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక షాపులో తమ్ముడి కోసం ఫ్రీడాస్ (విండోస్ బదులు ఉత్త కమాండ్లతో నడిచే ఫ్రీ సిస్టమ్) ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాం. విండోస్ ఉన్న మోడల్ కంటే ధర తక్కువే, పెట్టె మా ముందే తెరిచి ఆన్ చేసి చూపించారు. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలే కనబడతాయి, పాడైందని టెన్షన్ పడకండి, ఫ్రీడాస్ అంటే అంతే. నచ్చనిది ఏంటంటే, "విండోస్ ఫ్రీగా వేసిస్తం అన్నా" అని ఒకటే పోరు. అది క్రాక్ కాపీ, లైసెన్స్ ఉండదు, లోపల ఏ వైరస్ ఉందో ఎవరికి తెలుసు? వద్దని చెప్పి ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు 24.04 (విండోస్ బదులు వాడే ఫ్రీ లైనక్స్ సిస్టమ్) వేశాం, దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, వైఫై, సౌండ్ వెంటనే పనిచేశాయి, ఫింగర్‌ప్రింట్ మాత్రం పనిచేయలేదు. సి, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు ఇది చాలు. టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) కావాలంటే విండోస్ ఉన్నదే కొనండి.