షెన్‌జెన్ సివిక్ సెంటర్: కొండ మీద నుంచి మొదలుపెడితేనే బాగుంటుంది

ఆఫీసు పని మీద చైనాలోని షెన్‌జెన్ వచ్చినవాళ్ళకి ఊరు చూపించాలంటే చాలామంది నేరుగా సివిక్ సెంటర్ మైదానానికి తీసుకెళ్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా కొలీగ్‌ని నేనూ అక్కడికే తీసుకెళ్ళాను. నా రేటింగ్ 5కి 3.5, అందులో మైదానం వాటా తక్కువ, దాని చుట్టూ ఉన్నవాటి వాటా ఎక్కువ.

మెట్రో 2 లేదా 4వ లైన్లో సివిక్ సెంటర్ స్టేషన్లో దిగి పైకొస్తే 486 మీటర్ల పొడవున, రెక్కలు చాపిన పెద్ద పక్షిలా పైకప్పు, దాని కింద ఎర్రదొకటి, పసుపుదొకటి టవర్లు. నగర ప్రభుత్వ ఆఫీసులు ఇందులోనే. ఫోటోకి అదిరిపోతుంది, నిజమే. కానీ పగటిపూట ఆ మైదానంలో నిలబడటానికి నీడ ఉండదు, ఎండాకాలం ఉక్కపోతలో ఈ ఊరు మన విజయవాడకేం తీసిపోదు. "ఇంత చోటు ఖాళీగా వదిలేశారేంటండీ, మన దగ్గరైతే ఈపాటికి నాలుగు మిర్చి బజ్జీల బళ్ళు వచ్చేసేవి" అన్నారాయన. ఇది దూరం నుంచి చూడటానికి కట్టిన చోటు, తిరగడానికి కాదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అందుకే ఎవరైనా అడిగితే వెనక నుంచి రమ్మంటాను. ఎండ తగ్గాక ఉత్తరాన ఉన్న లియన్‌హువాషాన్ పార్కుకి వెళ్ళండి, టికెట్ లేదు, కొండ వంద మీటర్లకి కాస్త పైన, మెల్లగా ఎక్కేయొచ్చు. కింద పచ్చికలో పిల్లలూ పెద్దలూ గాలిపటాలు ఎగరేస్తుంటారు. పైన అప్పటి చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ విగ్రహం, 2000లో పెట్టింది, కోటు గాలికి ఎగురుతుంటే గబగబా నడిచిపోతున్నట్టు ఉంటుంది. 1980లో ఈ ఊరిని ప్రత్యేక ఆర్థిక మండలిగా మార్చిన కథంతా ఆయనతో ముడిపడినదే కదా, అక్కడ నిలబడి ఆ పైకప్పునీ, దాని వెనక 599 మీటర్ల పింగ్ ఆన్ టవర్‌నీ చూస్తూ చెబితే కొత్తవాళ్ళకి ఊరు ఒక్కసారిగా అర్థమవుతుంది. మా కొలీగ్ అక్కడి నుంచి చాలాసేపు కదల్లేదు.

దిగి దక్షిణంగా నడిస్తే దారిలోనే బుక్ సిటీ అనే పెద్ద పుస్తకాల షాపు. చైనీస్ రాకపోయినా లోపలికి వెళ్ళండి, మెట్ల మీదా నేల మీదా కూర్చుని చదువుకునే పిల్లల్ని చూడటానికైనా. నాకు మొత్తం ప్రాంతంలో నచ్చిన చోటు ఇదే. చీకటి పడేసరికి మైదానం దగ్గరకి చేరతారు, అప్పటికి పెద్దావిడలు స్పీకర్ పెట్టుకుని డాన్సులు మొదలెడతారు, ఆ వేళకి అదీ బాగానే ఉంటుంది. చుట్టూ ఉన్న టవర్ల మీద లైట్ షో రోజూ ఉండదు, ముందే కనుక్కోండి.

వచ్చేవాళ్ళకి బయలుదేరకముందే అలీపే అనే చెల్లింపుల యాప్‌లో కార్డు జోడించుకోమని చెప్పండి, మెట్రోకైనా మంచినీళ్ళ సీసాకైనా ఇక్కడ ఫోనే. ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళయితే హువాచియాంగ్‌బే మార్కెట్ 2వ లైన్లో రెండే స్టేషన్ల దూరం, కానీ దానికి వేరే రోజు పెట్టుకోండి, ఒకసారి లోపలికి వెళ్తే బయటికి లాక్కురావడం కష్టం. సివిక్ సెంటర్‌లోనే ఉన్న షెన్‌జెన్ మ్యూజియం ఉచితం, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి, సోమవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.